తొలి సైకోసిస్: ఏది ముందు వచ్చింది, ఏది వెంట వచ్చింది

ఇరవై ఏళ్ల పిల్లగాడు ఎవరూ లేనిచోట మాట్లాడుతుంటే, అన్నంలో ఏదో కలిపారని కంచం తోసేస్తుంటే ఇంటిల్లిపాది కళ్లూ ఆ ఒక్కదాని మీదే ఉంటాయి. లేని మాటలు వినబడటం, లేని కుట్ర ఉందని గట్టిగా నమ్మటం, మాటకు మాటకు పొంతన తప్పటం, వీటన్నిటినీ కలిపి డాక్టర్లు సైకోసిస్ అంటారు. ఎక్కువగా పదిహేను, పదహారేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు మొదలవుతుంది. మగపిల్లల్లో కొంచెం ముందే కనబడుతుంది. అయితే మొదటిసారి దవాఖానకు వచ్చినవాళ్లలో చాలామందికి ఇదొక్కటే ఉండదు. దాని పక్కన రంది ఉంటుంది, బుగులు ఉంటుంది, కల్లో గంజాయో ఉంటుంది, చిన్నప్పుడు పడ్డ దెబ్బ ఏదో ఉంటుంది.

2009లో అచ్చయిన ఒక పరిశోధన సమీక్ష ప్రకారం స్కిజోఫ్రినియా (సైకోసిస్ నెలల తరబడి సాగే జబ్బు) ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి డిప్రెషన్ ఉంటుంది. 47 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మత్తు సమస్య, 29 శాతం మందికి పీటీఎస్‌డీ (పడ్డ దెబ్బ మనసును వదలకపోవటం), 23 శాతం మందికి ఓసీడీ (ఆపలేని ఆలోచనలు, పదే పదే కడుగుడు, లెక్కపెట్టుడు), 15 శాతం మందికి పానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి ముంచెత్తే బుగులు) ఉంటాయని అది అంచనా వేసింది. వేరే లెక్కల్లో ఓసీడీ 12 శాతం దగ్గరే ఆగింది. కొలిచే తీరును బట్టి అంకెలు మారుతాయి గానీ అన్ని లెక్కలూ చెప్పేది ఒకటే: జంట జబ్బు ఉండటమే మామూలు, లేకపోవటం అరుదు.

చికిత్స తప్పటానికి రెండు దారులున్నాయి. కనబడ్డ ప్రతి లక్షణాన్నీ సైకోసిస్ ఖాతాలోనే రాసేసి గోలీ మోతాదు పెంచుకుంటూ పోవటం ఒకటి. "ముందు తాగుడు మాన్పించుకొని రండి, తర్వాత చూద్దాం" అని జబ్బులను వరుసలో నిలబెట్టటం రెండోది. రెండిటికీ విరుగుడు ఒకటే. ఏది ఎప్పుడు మొదలైందో సరిగ్గా పట్టుకోవాలి. పట్టుకున్నాక అన్నిటికీ ఒకే చోట, ఒకేసారి వైద్యం మొదలుపెట్టాలి.

కాగితం మీద ఒక గీత

"ఎప్పటి సంది?" అని డాక్టర్ అడిగితే "ఈ మధ్యనే సారూ" అనే జవాబే ఎక్కువ వస్తుంది. ఆ జవాబుతో ఏమీ తేలదు. అందుకే ఇంటి దగ్గరే ఒక కాగితం తయారు చేసుకొని పోవాలి. తెల్ల కాగితాన్ని అడ్డంగా పెట్టి ఒక గీత గీయండి. కుడి కొసన ఈ రోజు, ఎడమ కొసన రెండేళ్ల కిందటి రోజు. తేదీలు ఎవరికీ గుర్తుండవు, పండుగలు, పనులు గుర్తుంటాయి. బతుకమ్మ, సంక్రాంతి, ఉగాది, పత్తి ఏరిన రోజులు, ఇంటర్ పరీక్షలు, పుణె పని నుంచి తిరిగొచ్చిన నెల, ఇవే గుర్తులు. పీర్ల పండుగను గుర్తుగా పెట్టుకుంటే పక్కన సంవత్సరం కూడా రాయండి, అది ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతుంది.

గీత పైన లక్షణాలు రాయాలి: నిద్ర ఎప్పుడు చెడింది, దోస్తుల దగ్గరికి పోవటం ఎప్పుడు బందయింది, స్నానం ఎప్పుడు మానేశాడు, తనలో తను నవ్వుకోవటం, గొణుక్కోవటం ఎప్పుడు మొదలైంది. గీత కింద బయటినుంచి వచ్చినవి: కల్లు, మందు, గంజాయి, నిద్రగోలీలు, జ్వరం, ఫిట్స్, తలకు తగిలిన దెబ్బ, కాన్పు, ఇంట్లో చావు. చెర్వుగట్టులో ఏ అమావాస్యకు నిద్ర చేశారో, జాన్‌పహాడ్ దర్గాకు ఎప్పుడు మొక్కుకున్నారో, బాణామతి అనుకొని ఎవరిని పిలిపించారో అదీ రాయండి. దాచాల్సిన పని లేదు. ఇంట్లోవాళ్లు మార్పును మొదట గుర్తుపట్టిన రోజు ఏదో డాక్టర్‌కు దానివల్లే తెలుస్తుంది. మొక్కు తీర్చుకుంటూనే గోలీలు వేసుకోవచ్చు, రెండిటికీ పేచీ లేదు. ఒకటి అయ్యాక ఇంకొకటి అనుకుంటేనే నెలలు పోతాయి. లక్షణాలు మొదలైనప్పటి నుంచి మందు అందేదాకా గడిచే కాలం ఎంత పెరిగితే కోలుకోవటం అంత కష్టమవుతుందని చాలా దేశాల్లో గమనించారు. ఆ కాలం మూడు నెలలు దాటకూడదన్నది ఈ రంగంలో పనిచేసేవాళ్లు పెట్టుకున్న లక్ష్యం.

గీత పూర్తయ్యాక చాలా ఇళ్లలో ఒక విషయం తేలుతుంది. మాటలు వినబడటం చివర్లో వచ్చింది. అంతకు ముందు ఆరు నెలలో, ఏడాదో నిద్రలేమి, ఊరికే బుగులు, ఎవరితో కలవకపోవటం నడిచాయి. అప్పుడు "వీని గుణం మారింది" అనుకున్నారే తప్ప జబ్బు అనుకోలేదు.

కల్లు ఆగిన మూడో రోజు

పాలమూరు, నల్గొండ పల్లెల్లో తొలి సైకోసిస్ గురించి మాట్లాడాలంటే కల్తీ కల్లు గురించి వివరంగా మాట్లాడక తప్పదు. చెట్టు మీది నుంచి దింపిన కల్లులో ఉండేది కొద్దిపాటి ఆల్కహాల్. కల్తీ కల్లులో కలిపేవి అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. మూడూ మెదడును నెమ్మదింపజేసే మత్తు మందులే. నెలల తరబడి రోజూ తాగే మనిషి మెదడు ఆ మందుకు అలవాటు పడి, అది అందకపోతే అదుపు తప్పి ఉరకలెత్తుతుంది. తాగుతున్నది కల్లే అనుకుంటాడు గానీ బానిస అయింది గోలీకి. 2015లో కల్తీ మీద దాడులు జరిగి మందు కలపటం ఒక్కసారిగా ఆగినప్పుడు తెలంగాణలోని పలు జిల్లాల్లో ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో, తలాతోకా లేని మాటలతో జనం ఆస్పత్రులకు వచ్చిపడ్డారు. వాళ్లలో ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా ఉన్నారు.

ఆ స్థితిని చూసి సైకోసిస్ అనుకోవటం చాలా తేలిక. తేడా పట్టేది ముందుగా కాలం. అల్ప్రాజోలం ఒంట్లో తొందరగా తగ్గిపోతుంది, కాబట్టి ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, చెమట, గుండెదడ, నిద్ర పట్టకపోవటం మొదలవుతాయి. డైజిపాం నిదానంగా తగ్గుతుంది, కాబట్టి లక్షణాలు వారం దాకా ఆలస్యం కావచ్చు. సారాయి, విస్కీ లాంటివి ఆపినవాళ్లకు గట్టి ప్రమాదం రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ఉంటుంది. రెండో గుర్తు సోయి. మత్తు మందు ఆగటం వల్ల వచ్చిన మతిభ్రమలో తానెక్కడున్నాడో, పగలో రాత్రో తెలియదు. పొద్దున కాస్త తేరుకున్నట్టుండి రాత్రికి ముదురుతుంది. గోడ మీద చీమలు, పురుగులు, చచ్చిపోయినవాళ్లు కళ్లకు కనబడతారు. తొలి సైకోసిస్‌లో సాధారణంగా సోయి ఉంటుంది, ఏ ఊళ్లో ఉన్నాడో చెబుతాడు, కనబడేవాటి కన్నా వినబడేవి ఎక్కువ. వారాల పేర్లు వెనక్కి చెప్పమని అడగండి: శనివారం, శుక్రవారం, గురువారం... సైకోసిస్ ఉన్నవాడు విసుక్కుంటూనో నిదానంగానో చాలావరకు చెబుతాడు. మతిభ్రమలో ఉన్నవాడు రెండో మాటకే దారి తప్పుతాడు.

ఇక్కడ జరిగే తప్పు ఏమిటంటే, హాలోపెరిడాల్ సూది ఒకటి ఇచ్చి ఇంటికి పంపటం. సైకోసిస్ మందులు ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి, ఆగిపోయిన మత్తు మందు లోటునేమో పూడ్చవు. చేయాల్సింది ఆస్పత్రిలో చేర్చుకొని, నిదానంగా పనిచేసే డైజిపాం లాంటి దాన్ని కొలిచిన మోతాదులో ఇచ్చి, వారాల మీద మెట్లు మెట్లుగా తగ్గించటం. కాలేయం చెడినవాళ్లకు డైజిపాం బదులు లోరాజిపాం వాడతారు. తాగుడు కూడా ఉన్నవాళ్లకు గ్లూకోజ్ ఎక్కించే ముందే థయమిన్, అంటే విటమిన్ బి1 సూది పడాలి. అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మూత్ర పరీక్షకు నమూనా మత్తు సూది ఇవ్వకముందే తీయాలి. తర్వాత తీస్తే అందులో దొరికింది కల్లులోదో, ఆస్పత్రిలో ఇచ్చిందో తేల్చలేరు. మామూలు పరీక్ష పట్టీల్లో క్లోరల్ హైడ్రేట్ దొరకదు, అల్ప్రాజోలం కూడా ఒక్కోసారి తప్పిపోతుంది. కాబట్టి పరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన కల్లు లెక్కలో లేదనుకోవద్దు.

"ఒక సీసా మళ్ల పోస్తే కుదుట పడ్డడు సారూ" అని ఇంట్లోవాళ్లు సిగ్గుపడుతూ చెబుతారు. సిగ్గుపడొద్దు, అది తప్పకుండా చెప్పాల్సిన మాట. దాంతో సగం సంగతి తేలిపోతుంది.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు కూడా అంతే చేటు చేస్తుంది. చెవుల్లో మాటలు భరించలేక, నిద్ర కోసం కల్లుకు అలవాటు పడ్డ పిల్లగాడు ఉంటాడు. ఊరంతా కల్లే చెడగొట్టిందంటుంది. డీఅడిక్షన్ సెంటర్‌లో వేస్తారు, అక్కడ మాటల సంగతి ఎవరూ అడగరు. గీత మీద చూస్తే మాటలు ముందు, కల్లు వెనక ఉంటాయి. కల్లుకు ముందే లక్షణాలున్నా, మత్తు పూర్తిగా ఆగి సుమారు నెల దాటినా తగ్గకపోయినా అది సొంతంగా వచ్చిన సైకోసిస్ అనే లెక్కకట్టాలి. ఆ నెల రోజులూ మందు లేకుండా చూస్తూ కూర్చోమని దాని అర్థం కాదు. పేరు తర్వాత తేలుతుంది, వైద్యం రెండిటికీ మొదటి రోజే మొదలవ్వాలి.

గంజాయి సంగతి ఇంకో తీరు. అది ఆపటం వల్ల వచ్చే ఇబ్బంది తక్కువ, వాడటం వల్ల వచ్చేదే ఎక్కువ. చిన్న వయసులో మొదలుపెట్టి, దాదాపు రోజూ, ఘాటుగా ఉన్నది పీల్చేవాళ్లకు ప్రమాదం పెరుగుతుంది. "గంజ తోటి వచ్చింది, గంజ బంద్ చేస్తే పోతది, గోలీలెందుకు" అనే మాట సగమే నిజం. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే, గంజాయి వల్ల వచ్చిన సైకోసిస్ అని మొదట పేరుపడ్డవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి తర్వాతి ఏళ్లలో స్కిజోఫ్రినియా నిర్ధారణ అయింది. కాబట్టి తగ్గిపోయినా రెండు మూడేళ్లపాటు ఓపీకి వస్తూనే ఉండాలి. తొలి సైకోసిస్ తర్వాత కూడా గంజాయి కొనసాగిస్తే జబ్బు తిరగబెట్టటం బాగా పెరుగుతుంది. రోజూ పీల్చినవాళ్ల మూత్రంలో అది ఆపిన తర్వాత కూడా వారాల తరబడి కనబడుతుంది. పరీక్షలో దొరికిందని "మళ్ల తాగినవ్" అంటూ పిల్లగాడి మీద పడే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

బీడీ, సిగరెట్ పొగ కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొట్టి, సైకోసిస్‌కు ఇచ్చే ఓలాంజపిన్, క్లోజపిన్ మందులను తొందరగా కరిగించేస్తుంది. వార్డులో బీడీ ఆగిన వారం రోజుల్లో అదే మోతాదు ఎక్కువై మత్తు, చొంగ ముదురుతాయి. ఇంటికెళ్లి కట్ట మీద కట్ట కాలిస్తే అదే మోతాదు చాలకుండా పోయి మాటలు తిరిగి వినబడతాయి. పని చేసేది పొగ, నికోటిన్ కాదు, కాబట్టి గుట్కా, జర్దాతో ఈ చిక్కు రాదు. బీడీ మానాలనుకున్నా, మళ్లీ మొదలుపెట్టినా డాక్టర్‌కు చెప్పాలి.

రందా, మొద్దుదనమా, మందు ప్రభావమా

మాటలు ఆగాయి. పిల్లగాడు లొల్లి చేయటం లేదు, మంచం మీద పడుకొని ఉంటున్నాడు. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఎక్కువ జాగ్రత్త పడాల్సింది సరిగ్గా ఇప్పుడే. ఆ పడుకోవటం వెనక మూడు వేర్వేరు కారణాలు ఉండొచ్చు, మూడిటికీ వైద్యం వేరు.

మొదటిది డిప్రెషన్. సైకోసిస్ తగ్గుతూ, తనకేం జరిగిందో అర్థమవుతున్న కొద్దీ ఇది మొదలుకావచ్చు. చదువు ఆగింది, ఊళ్లో పేరు పోయింది, పెళ్లి మాట ఎత్తేవాళ్లు లేరు. రెండోది సైకోసిస్‌లోనే భాగమైన నెగెటివ్ లక్షణాలు: ఉత్సాహం, మాట, ముఖంలో భావం తగ్గిపోవటం. మూడోది మందు వల్ల ఒళ్లు బిగుసుకొని నెమ్మదించటం.

విడదీయటానికి మనిషి ముఖం కన్నా మాట నమ్మదగినది. "మనసుల ఎట్లుంది?" అని అడిగితే డిప్రెషన్ ఉన్నవాడు బాధ చెబుతాడు: నా వల్లే ఇల్లు పాడయింది, ముందుముందు బాగుపడేది లేదు. తెల్లవారుజామున మూడు నాలుగింటికే మెలకువ వస్తుంది, పొద్దున ఎక్కువ బరువుగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికవుతుంది. నెగెటివ్ లక్షణాలున్నవాడికి బాధ పెద్దగా ఉండదు, తప్పు చేశానన్న భావమూ ఉండదు, "ఏం లేదు" అంటాడు, నిజంగా అంతే. మందు వల్లనైతే చేతులు ఊపకుండా నడుస్తాడు, వేళ్లు వణుకుతాయి, చొంగ కారుతుంది, అదంతా మోతాదు పెంచిన రోజుల్లోనే మొదలై ఉంటుంది. మామూలు డిప్రెషన్ ప్రశ్నపత్రాలు ఈ మూడిటినీ కలగలిపేస్తాయి. అందుకే 1990లో కెనడాలోని కాల్గరీలో ఆడింగ్టన్ బృందం స్కిజోఫ్రినియా ఉన్నవాళ్ల కోసమే తొమ్మిది ప్రశ్నల కొలమానం తయారు చేసింది. నిరాశ, తనను తాను తక్కువ చేసుకోవటం, తప్పు చేశానన్న భావం, తెల్లవారుజాము మెలకువ, చావు ఆలోచన లాంటివాటినే అది అడుగుతుంది. బద్ధకం, ఆకలి తగ్గటం లాంటివి వదిలేస్తుంది.

మందు వల్ల నెమ్మదిస్తే మోతాదు తగ్గించాలి, లేదా మందు మార్చాలి. తొలి సైకోసిస్‌కు తక్కువ మోతాదే సరిపోతుంది, చాలామందికి రిస్పెరిడోన్ రోజుకు 2 నుంచి 4 మిల్లీగ్రాములు చాలు. వణుక్కు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్‌ను అవసరం తీరినా ఏళ్లకు ఏళ్లు కొనసాగించొద్దు. అది జ్ఞాపకశక్తిని మందగింపజేస్తుంది, ఎక్కువైతే లేనివి కనబడేలా చేస్తుంది, దాన్నే మత్తు కోసం మింగేవాళ్లూ ఉన్నారు. డిప్రెషన్ అయితే సైకోసిస్ మందుతోనే కొంత తగ్గుతుందేమో కొన్ని వారాలు చూస్తారు. తగ్గకపోతే సెర్ట్రాలిన్ లాంటి మందు కలుపుతారు. కలిపే ముందు ఒక ప్రశ్న తప్పనిసరి: ఎప్పుడైనా నిద్ర లేకున్నా అలసట లేకుండా, పెద్ద పెద్ద మాటలతో, చేతికందిన డబ్బంతా ఖర్చు పెట్టి తిరిగిన రోజులున్నాయా? ఉంటే ఇది బైపోలార్, అంటే రంది, ఉన్మాదం మారి మారి వచ్చే జబ్బు కావచ్చు. అప్పుడు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం వైపు తిప్పేయగలదు.

స్కిజోఫ్రినియా ఉన్నవాళ్లలో సుమారు 5 శాతం మంది ఆత్మహత్యతో చనిపోతారు. ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ మొదటి ఏడాదిలో, అందులోనూ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన తొలి వారాల్లో ఉంటుంది. "బతకొద్దనిపిస్తుందా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికి చెప్పుకోవటానికి దారి దొరుకుతుంది. పత్తి చేలున్న ఇళ్లలో పురుగు మందు డబ్బాలు దూలం మీదో, మంచం కిందో ఉంటాయి. వాటిని ఇంట్లోంచి పూర్తిగా తీసి, వేరేచోట తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర పెట్టండి. గోలీలు నెలవి తెచ్చినా వారానికి సరిపడానే బయట పెట్టండి. మానసిక ఇబ్బందుల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికొచ్చినప్పుడు 108కి ఫోన్ చేయండి. ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లను తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతుంది. కేసవుతుందని భయపడి ఆస్పత్రికి తీసుకుపోవటం ఆలస్యం చేయొద్దు.

బుగులు, కాళ్ల గుంజుడు

మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లో మనిషి కూర్చోలేడు, నిలబడలేడు, ఇంట్లో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూనే ఉంటాడు. "కాళ్లల్ల ఏందో గుంజుతుంది" అంటాడు. దీన్ని అకథీసియా అంటారు, మందు వల్ల వచ్చేదే. జబ్బు ముదిరిందనుకొని మోతాదు పెంచితే ఇంకా పెరుగుతుంది. భరించలేక చావాలనుకున్నవాళ్లు ఉన్నారు. మోతాదు తగ్గించటం, మందు మార్చటం, లేదా ప్రొప్రనొలాల్ ఇవ్వటం దీనికి వైద్యం. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రొప్రనొలాల్ పనికిరాదు. తేడా పట్టటానికి ఒక ప్రశ్న చాలు: ఈ అలజడి మనసులో మొదలవుతుందా, కాళ్లలో మొదలవుతుందా?

జనంలోకి రావటానికి భయపడేవాళ్లలో అందరిదీ అనుమానం కాదు. "వాళ్లు నిన్నేం చేస్తారని భయం?" అని అడగండి. "చంపుతరు, మందు పెడతరు" అంటే అది సైకోసిస్ భయం. "పిచ్చోడని నవ్వుతరు, నోట్లోంచి మాట రాదు" అంటే అది సోషల్ ఆంగ్జయిటీ. మొదటిది మందుతో తగ్గుతుంది. రెండోది తగ్గాలంటే మెట్టు మెట్టుగా బయటికి రావాలి: ముందు వాకిట్లో కూర్చోవటం, తర్వాత తెలిసిన కిరాణా కొట్టుకు పోవటం, తర్వాత అంగడికి. ప్రతి మెట్టు దగ్గరా భయం తనంతట తాను తగ్గేదాకా ఆగాలి, భయం పుట్టగానే వెనక్కి రాకూడదు. భయానికని అల్ప్రాజోలం రాసి నెలల తరబడి నడపటం ఎక్కడైనా మంచిది కాదు. కల్తీ కల్లు నడిచే ఊళ్లలో అది ఒక బానిసత్వాన్ని ఇంకోదానితో మార్చటమే.

ఓసీడీలో పదే పదే వచ్చే ఆలోచన తనదేనని, అది అర్థం లేనిదని మనిషికి చాలావరకు తెలుసు, అయినా ఆపలేడు. సైకోసిస్‌లో ఆ ఆలోచనను ఎవరో లోపల పెట్టారంటాడు. చిక్కేమిటంటే క్లోజపిన్, ఒక్కోసారి ఓలాంజపిన్ కొత్తగా ఓసీడీ లక్షణాలు తెచ్చిపెడతాయి. కడుగుడు, లెక్కపెట్టుడు ఆ మందుకు ముందా, తర్వాతా అన్నది గీత మీద చూడాలి. ఓసీడీకి వాడే ఫ్లూవోక్సమిన్‌ను క్లోజపిన్ పక్కన వేస్తే రక్తంలో క్లోజపిన్ ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇద్దరు డాక్టర్ల దగ్గర వేర్వేరు చీటీలు ఉన్నప్పుడు ఇలాంటివి జరుగుతాయి. పాత చీటీలన్నీ ఒకే సంచిలో పెట్టి, పోయిన ప్రతి చోటా చూపించాలి.

కట్టేసిన గొలుసు

చిన్నప్పటి కొట్టుడు, లైంగిక హింస సైకోసిస్ వచ్చినవాళ్ల జీవితాల్లో ఎక్కువగా కనబడతాయి. ఇంకో గాయం మనమే చేస్తాం. అదుపులో పెట్టాలని గొలుసుతో కట్టేయటం, దయ్యం దిగాలని కొట్టటం, వాతలు పెట్టటం మందుతో మాటలు ఆగిన తర్వాత కూడా మనసులో మిగిలిపోతాయి. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు, ఆ గది వైపు పోడు, నిద్రలో అరుస్తాడు. అది సైకోసిస్ తిరగబెట్టటం కాదు, పీటీఎస్‌డీ. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచే ఒక ఆశ్రమానికి మంటలంటుకున్నప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది చనిపోయారు. ఏ రూపంలోనైనా గొలుసుతో కట్టటాన్ని 2017 చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. గాయం గురించి మాట్లాడిస్తే సైకోసిస్ ముదురుతుందన్న భయం డాక్టర్లలోనూ ఉండేది. నెదర్లాండ్స్‌లో సైకోసిస్, పీటీఎస్‌డీ రెండూ ఉన్న 155 మందితో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో గాయానికి నేరుగా చేసిన చికిత్స మేలు చేసింది, సైకోసిస్‌ను పెంచలేదు.

బాలెంత విషయంలో ఆగటానికి లేదు, అది అత్యవసరం. కాన్పైన మొదటి రెండు మూడు వారాల్లో నిద్ర పూర్తిగా పోయి, మాట తీరు గంటగంటకు మారుతూ, బిడ్డ గురించి వింత మాటలు మొదలైతే "బాలెంత వాతం" అని పత్యం మార్చి ఆగొద్దు, అదే రోజు ఆస్పత్రికి తీసుకుపోవాలి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు. బిడ్డకేమైనా చేస్తానేమోనన్న ఆలోచన వచ్చి దానికి తానే వణికిపోయే తల్లి సంగతి వేరు. అది ఓసీడీ కావచ్చు, ఆమె కూడా డాక్టర్‌కు చూపించుకోవాలి.

ఒంటి జబ్బులనూ మొదట్లోనే చూడాలి: థైరాయిడ్, బి12 లోటు, ఫిట్స్, హెచ్ఐవీ. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్, మొండి టీబీకి ఇచ్చే సైక్లోసెరిన్, స్టెరాయిడ్లు సైకోసిస్ తెచ్చిపెట్టగలవు. జ్వరం, కొత్తగా ఫిట్స్, కొన్ని రోజుల్లోనే మాట పడిపోవటం ఉంటే మెదడువాపు కోసం చూడాలి.

ఎక్కడికి పోవాలి, ఎన్నాళ్లు వాడాలి

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆస్పత్రులు దగ్గర. చేర్పించాల్సినంత తీవ్రంగా ఉంటే బీబీనగర్ ఎయిమ్స్, ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉన్నాయి. మందు మొదలుపెట్టేటప్పుడు బరువు, నడుం కొలత, బీపీ, పరగడుపు షుగర్, కొవ్వు రాసిపెట్టించండి. మూడు నెలలకు మళ్లీ, ఆ తర్వాత ఏడాదికొకసారి. ఓలాంజపిన్‌తో మొదటి నెలల్లోనే బరువు బాగా పెరగొచ్చు. "లావైతున్న" అని గోలీలు మానేసే పిల్లలు చాలామంది. ఆ మాట నిర్లక్ష్యం చేయకుండా మందు మార్చమని అడగాలి.

లక్షణాలు పూర్తిగా తగ్గాక కనీసం ఏడాది నుంచి రెండేళ్లు మందు కొనసాగాలి. తొలి సైకోసిస్ నుంచి కోలుకున్నవాళ్లను అమెరికాలో ఐదేళ్లు గమనించి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 82 శాతం మందికి కనీసం ఒకసారి జబ్బు తిరగబెట్టింది. మందు ఆపేసినవాళ్లలో ఆ ప్రమాదం దాదాపు ఐదింతలు. పాలమూరు నుంచి పుణెకో, ముంబైకో, పట్నానికో పనికి పోయే ఇళ్లలో మందు ఆగేది ఎక్కువగా ప్రయాణంలోనే. బయలుదేరే ముందు రెండు మూడు నెలల గోలీలు, డిశ్చార్జి కాగితం, మందు పేరు, మోతాదు రాసిన చీటీ, వాటి ఫోటో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. రోజూ గోలీ వేసుకోవటం కుదరనివాళ్లకు రెండు నాలుగు వారాలకొకసారి వేసే సూది ఉంది, దాని గురించి అడగండి. పనిచోట కల్లు దొరక్కపోతే వచ్చే వణుకు, ఫిట్స్ గురించి వెంట వచ్చే మేస్త్రీకో, తోటి కూలీకో ముందే చెప్పి ఉంచండి. మోతాదు తగ్గించటం మొదలుపెట్టాలని డాక్టర్, ఇంట్లోవాళ్లు కలిసి అనుకుంటే, వలస పోయే నెలల్లో కాదు, మనిషి ఊళ్లో, కళ్లముందు ఉండే నెలల్లో మొదలుపెట్టాలి. ఒక్కో మెట్టు తగ్గించాక కొన్ని వారాలు ఆగి, నిద్ర చెడిందా, మాట తగ్గిందా, గంజాయి దోస్తులు మళ్లీ వస్తున్నారా చూసుకొని అప్పుడు తర్వాతి మెట్టు దిగాలి.